మోటారును కోడ్ చేతిలో పెట్టే ముందు: బోరు, సంపు, గీజర్ కంట్రోలర్లను ప్రమాదం లేకుండా కట్టుకోవడం ఎలా

బాబాయి పొలంలో 5 హెచ్‌పీ బోరు మోటారు ఉంది. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచే బాధ తప్పుతుందని, ఫోన్‌లోంచే మోటారు వేసి కట్టేసేలా ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుతో ఒక కంట్రోలర్ చేసి పెట్టాను. నెల రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సాయంత్రం మోటారు నడుస్తుండగా కరెంటు పోయింది. పోయింది కదా అని బాబాయి స్టార్టర్ డబ్బా తెరిచి, లోపల వదులైన వైరు బిగించి, మూత పెట్టకుండానే బీడీ కోసం గట్టు మీదికి వెళ్లాడు. ఆయన అటు తిరిగిన రెండు నిమిషాలకు కరెంటు వచ్చింది, బోర్డు లేచింది, నెట్ దొరికింది, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) టక్‌మని పడింది. ఎవరూ బటన్ నొక్కలేదు. నా ఫోన్ నా జేబులోనే ఉంది.

మెయిన్ దించకుండా డబ్బా తెరవడం బాబాయి తప్పే, అందులో మాటే లేదు, కరెంటు వస్తే లోపలికి వచ్చే వైర్లు ఎలాగూ లైవ్ అవుతాయి. కానీ ఎవరూ అడగకుండా మోటారు తిరగడం మాత్రం నా తప్పు. ఆ తర్వాత ఆ డబ్బా మొత్తం విప్పి, మళ్లీ కట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. బోరు మోటారు ఉదాహరణగా చెప్తున్నా, గీజరైనా, గేటు మోటారైనా, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటరైనా ఆలోచించే పద్ధతి ఒకటే. ఒక్క మాట ముందే: 415 వోల్టుల వైపు పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. యూట్యూబ్ చూసి మీరే చేసేయాలనుకుంటే ఇది చదవడం ఇక్కడితో ఆపేయండి.

ఒకటో పని: ఏం చేయాలో కాదు, ఏం జరగకూడదో రాయండి

మనందరం ముందు ఫీచర్లు రాసుకుంటాం. ఫోన్‌లో బటన్, టైమర్, వాట్సాప్‌లో మెసేజ్. అది పక్కన పెట్టి ఒక కాగితం మీద జరగకూడనివి రాయండి. నా కాగితం మీద ఇవి ఉన్నాయి: ఎవరూ అడగకుండా మోటారు తిరగకూడదు, కట్టేయమన్నాక తిరగకూడదు, నీళ్లు లేకుండా తిరగకూడదు, ఒక ఫేజు పోయినా తిరగకూడదు, ఎవరైనా పని చేస్తున్నప్పుడు అస్సలు తిరగకూడదు.

తర్వాత ఇంకో ప్రశ్న. బోర్డు చచ్చిపోతే, నెట్ పోతే, సెన్సర్ ఊడితే మీ యంత్రం ఏ స్థితిలో ఉండాలి? మోటారుకైతే సమాధానం సులువు, ఆగిపోవాలి. కానీ అన్నిటికీ "ఆఫ్" క్షేమం కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. భీమవరం వైపు రొయ్యల చెరువులు ఉన్నవాళ్లని అడగండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళకు ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట మొత్తం నీళ్ల మీద తేలుతుంది. కాబట్టి అక్కడ కంట్రోలర్ చచ్చిపోతే ఏరేటర్లు నడుస్తూనే ఉండాలి, సైరన్ మోగాలి, మనిషి లేవాలి. ఎండాకాలం కోళ్ల షెడ్డులో ఫ్యాన్లదీ అదే కథ. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తేలకుండా రిలే (బోర్డు మాటతో పడే చిన్న స్విచ్) కొనకండి, ఎందుకంటే రిలేలో ఏ కాంటాక్టు వాడాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

రెండో పని: పాత స్టార్టర్‌ని చదవండి

గోడకి తగిలించి ఉండే ఆ బూడిద రంగు డీఓఎల్ (మోటారుని నేరుగా లైనుకి కలిపే) స్టార్టర్ డబ్బా ఉంది చూశారా, దాన్ని తక్కువ అంచనా వేయకండి. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్‌కి కరెంటు అంది కాంటాక్టర్ పడుతుంది, పడగానే దానిలోని చిన్న పక్క కాంటాక్టు కూడా మూసుకుని, మీరు వేలు తీసేసినా కాయిల్‌ని పట్టి ఉంచుతుంది. ఎర్ర బటన్ ఆ దారిలోనే వరసలో ఉంటుంది, మామూలుగా మూసుకుని ఉండి, నొక్కితే దారి తెగుతుంది. అంటే ఎర్ర బటన్ వైరు ఎలక కొరికినా మోటారు ఆగుతుందే తప్ప, ఆపలేని పరిస్థితి రాదు. మోటారు మరీ ఎక్కువ కరెంటు లాగితే దారి తెంపే ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు కూడా అదే వరసలో. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ వచ్చినా దానంతటది పడదు, మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కాల్సిందే.

దీంట్లో ఒక్క లైను కోడ్ లేదు. కానీ నా కాగితం మీద రాసుకున్న వాటిలో సగం ఇదే చూసుకుంటోంది. నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఈ రక్షణను దాటేసి, కరెంటు రాగానే మోటారు వేసే శక్తి ఒక బోర్డుకి ఇచ్చాను. రైతులు పెట్టుకునే ఆటో స్టార్టర్లు చేసేదీ అదే. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ కరెంటు వచ్చిన క్షణంలోనే ఒక్కసారిగా లేస్తే, ఒక్కో మోటారు మొదట్లో మామూలుకంటే ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అంతగా చెప్పింది కూడా ఊరికే కాదు, ఎప్పుడూ కరెంటు ఉన్నప్పుడు అవి భూగర్భజలాన్ని కూడా ఆపకుండా తోడేస్తాయి.

థెరాక్-25 అనే కేన్సర్ రేడియేషన్ యంత్రం కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో అది ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. దాని ముందు మోడల్‌లోనూ అలాంటి సాఫ్ట్‌వేర్ తప్పులే ఉన్నాయి, కాకపోతే అందులో విడిగా హార్డ్‌వేర్ అడ్డుకట్టలు ఉండేవి, ఫ్యూజులు పోయేవి, మనిషికి దెబ్బ తగిలేది కాదు. కొత్త మోడల్‌లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది కదా అని ఆ అడ్డుకట్టలు తీసేశారు. మన స్టార్టర్‌లోని ఎర్ర బటన్, ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజు పోతే మోటారుని ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అలాంటి అడ్డుకట్టలే. మీ కోడ్ ఎంత గొప్పదైనా వీటిలో ఒక్కదాన్ని కూడా పీకకండి.

మూడో పని: వైరింగ్

ఇది నిదానంగా చదవండి, అసలు పని ఇక్కడే ఉంది.

ముందుగా ఒక సెలెక్టర్ స్విచ్: మాన్యువల్, ఆఫ్, ఆటో. మాన్యువల్‌లో బోర్డుకి సంబంధమే ఉండకూడదు, పాత స్టార్టర్ పాత స్టార్టర్‌లాగే పనిచేయాలి. ఆఫ్‌లో రెండూ పనిచేయకూడదు. అయితే ఈ ఆఫ్ కాయిల్ దారినే తెంపుతుంది, మెయిన్ కరెంటుని కాదు, దీన్ని నమ్మి డబ్బాలో చేయి పెట్టకండి, మెయిన్ దించి తాళం వేయాల్సిందే.

ఆటో వైపు రెండు రిలేలు వాడండి, ఒకటి చాలదు. మొదటిది "అనుమతి" రిలే. ఇది ఎర్ర బటన్ దారిలో వరసలో కూర్చుంటుంది, బోర్డు బతికి ఉండి పట్టుకున్నంతసేపే మూసుకుని ఉంటుంది, బోర్డు చచ్చిపోతే తెరుచుకుని మోటారు ఆగుతుంది. రెండోది "స్టార్ట్" రిలే. పచ్చ బటన్‌కి పక్కన సమాంతరంగా ఉంటుంది, ఒక్క సెకను మూసుకుని వదిలేస్తుంది, మనిషి వేలిలాగే. రెండూ వేరు వేరు పిన్నుల మీద. ఇలా ఎందుకంటే చవక రిలేల కాంటాక్టులు కాలిపోయి అతుక్కుపోతాయి. స్టార్ట్ రిలే అతుక్కుంటే అనుమతి రిలే ఆపగలదు, అనుమతి రిలే అతుక్కుంటే మోటారు దానంతటది మొదలవ్వదు, కావాలంటే ఎర్ర బటన్ ఉంది.

ఇప్పుడు ఎక్కువమంది చూడని గొయ్యి. మార్కెట్లో దొరికే ఆ నీలం రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. మోటారుని దాని గుండా నేరుగా ఎలాగూ పంపం. కానీ కాంటాక్టర్ కాయిల్ అయితే పర్లేదనుకుంటాం. వ్యవసాయ స్టార్టర్లలో కాయిల్ తరచుగా రెండు ఫేజుల మధ్య ఉంటుంది, అంటే 415 వోల్టులు! 250 వోల్టుల రిలేతో దాన్ని తెంపుతూ పోతే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఒకరోజు లోపల ఆర్క్ ఆగక అతుక్కుపోతుంది. కాయిల్ మీద రాసి ఉన్న వోల్టేజీ చదవండి. 415 అయితే 230 వోల్టుల కాయిల్‌కి మార్పించండి, లేదా మధ్యలో సరైన రేటింగ్ ఉన్న చిన్న కాంటాక్టర్ పెట్టించండి. కాయిల్‌కి అడ్డంగా ఒక స్నబ్బర్ (వోల్టేజీ కిక్కుని మింగేసే చిన్న విడిభాగం) కూడా వేయించండి, లేకపోతే కాయిల్ వదిలినప్పుడల్లా వచ్చే కిక్కుకి మీ బోర్డు రీసెట్ అవుతుంటుంది, మీరేమో కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. నేను నాలుగు రోజులు కూర్చున్నాను.

చివరగా ఒక కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, మోటారుకి వెళ్లే ఒక వైరు చుట్టూ తొడిగే రింగు లాంటిది. నేను ఆపమన్నాను అన్నది వేరు, అది ఆగింది అన్నది వేరు. ఆపమన్న మూడు సెకన్ల తర్వాత కూడా ఆంపియర్లు కనిపిస్తుంటే మెయిన్ కాంటాక్టరే అతుక్కుందని అర్థం. అప్పుడు బోర్డు చేయగలిగింది గోల చేయడమే. యాప్‌లో "మోటారు ఆగింది" అని చూపించేది ఈ రింగు చెప్పినదాన్ని బట్టే ఉండాలి, మీరు పంపిన ఆదేశాన్ని బట్టి కాదు.

నాలుగో పని: బోర్డు లేచే ఆ అర సెకను

బోర్డుకి కరెంటు తగలడానికి, మీ కోడ్ మొదటి లైను నడవడానికి మధ్య కొంత సమయం ఉంటుంది. ఆ సమయంలో పిన్నులు మీ మాట వినవు. ఈఎస్‌పీ32లో 0, 2, 5, 12, 15 పిన్నులు బూట్ పనికి వాడుకుంటుంది, వాటి మీద రిలే పెట్టకండి. 25, 26, 27 లాంటివి తీసుకోండి. పిన్నుకీ గ్రౌండుకీ మధ్య ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే బోర్డు నిద్రలో ఉన్నప్పుడు రిలే కూడా నిద్రలోనే ఉంటుంది.

"లో ట్రిగ్గర్" రిలే బోర్డులు ఇంకో తలనొప్పి. పిన్ను సున్నాకి వస్తే రిలే పడుతుంది. మీరు పిన్నుని ఔట్‌పుట్‌గా ప్రకటించగానే అది సున్నాతోనే మొదలవుతుంది, తర్వాతి లైనులో మీరు దాన్ని పైకి లేపేలోపు రిలే ఒకసారి టక్‌మంటుంది. ఆ టక్ స్టార్ట్ రిలేదైతే సమాంతరంగా ఉన్న పచ్చ బటన్ నొక్కినట్టే. హై ట్రిగ్గర్ బోర్డు కొనుక్కోండి, పై రెసిస్టర్ కూడా దానికే సరిపోతుంది, గొడవ వదిలిపోతుంది.

వాచ్‌డాగ్ గురించి అందరూ చెప్తారు, కోడ్ ఎక్కడైనా ఇరుక్కుంటే బోర్డుని రీసెట్ చేసే టైమర్ అది. కానీ దానికి మేత వేసే (నేను బతికే ఉన్నానని చెప్పే) లైను ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు సంగతి. టైమర్ ఇంటరప్ట్‌లో (ప్రధాన లూప్‌తో సంబంధం లేకుండా గడియారం ప్రకారం నడిచే ముక్కలో) పెడితే ప్రధాన లూప్ చచ్చిపోయినా ఇంటరప్ట్ మాత్రం నిక్షేపంగా మేత వేస్తూనే ఉంటుంది, కాపలా కుక్క నిద్రపోతుంది. లూప్ చివర్లో, సెన్సర్ చదివాక, సమయం చూశాక, అన్నీ సరిగా ఉంటేనే వేయండి. ఇంకాస్త ఓపిక ఉంటే అనుమతి రిలేని స్థిరమైన వోల్టేజీతో కాకుండా, లూప్ ఆపకుండా కొట్టే పల్సుతో, కెపాసిటర్ గుండా నడపండి. పిన్ను పైన ఇరుక్కున్నా కింద ఇరుక్కున్నా పల్సు ఆగుతుంది, రిలే వదిలేస్తుంది. పది రూపాయల విడిభాగాలు, నాకైతే ఈ మొత్తం డబ్బాలో నచ్చిన భాగం ఇదే.

ఐదో పని: సెన్సర్ అబద్ధం చెప్తుందని ముందే అనుకోండి

ధ్వని పంపి ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో ట్యాంకు మట్టం కొలుస్తున్నారనుకుందాం. వైరు ఊడిందా, సాలెగూడు పట్టిందా, ప్రతిధ్వని రాలేదు. ఇలాంటి బోర్డులకి కోడ్ రాసే ఆర్డుయినోలో పల్సు కొలిచే ఫంక్షన్ అప్పుడు సున్నా ఇస్తుంది. సున్నా దూరం అంటే మీ కోడ్‌కి నీళ్లు సెన్సర్‌కి తగులుతున్నాయని, అంటే నిండిపోయిందని అర్థం. పైన ఓవర్‌హెడ్ ట్యాంకులోనైతే మోటారు ఆగుతుంది, నష్టం లేదు. అదే కోడ్ కాపీ చేసి కింద సంపుకి పెడితే? సంపు నిండుగా ఉందనుకుని ఖాళీ సంపులోంచి మోటారు తోడుతూనే ఉంటుంది. ఒకే సున్నా, పైన మంచిది, కింద మోటారుని కాల్చేస్తుంది.

గీజర్‌లో ఇది ఇంకా భయంకరం. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ వైరు ఊడితే మామూలుగా వాడే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. "40 కంటే తక్కువైతే హీటర్ వెయ్" అని రాసిన కోడ్‌కి మైనస్ 127 చాలా చాలా చల్లగా అనిపిస్తుంది. అప్పుడే కరెంటు తగిలిన సెన్సర్ 85 చెప్తుంది, అదీ అబద్ధమే. కాబట్టి ప్రతి కొలతకీ మూడు ప్రశ్నలు వేయండి: ఈ అంకె సాధ్యమా, పోయిన సెకనుకీ ఇప్పటికీ ఇంత మారడం సాధ్యమా, అసలు ఈ అంకె కొత్తదేనా? ఏ ఒక్కదానికి జవాబు తేడా వచ్చినా ఆపేయండి. గీజర్‌లోని థర్మోస్టాట్, కట్‌ఔట్, ప్రెజర్ వాల్వుల జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి, మీ బోర్డు వాటికి బయటే ఉండాలి.

ముఖ్యమైన చోట రెండు వేరు వేరు రకాల సెన్సర్లు పెట్టండి. ట్యాంకుకి అల్ట్రాసోనిక్ ఉన్నా, పైన ఒక ఫ్లోట్ స్విచ్ ఉండాలి, అది కోడ్‌తో సంబంధం లేకుండా నేరుగా కాయిల్ దారిని తెంపాలి. బోయింగ్ 737 మ్యాక్స్‌లో గాలికి విమానం ఏ కోణంలో ఉందో కొలిచే సెన్సర్లు రెండు ఉన్నా, విమానం ముక్కుని కిందికి తోసే సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒక్కదాని మాటే వినేది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది పోయారు.

బోరుకి డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) పట్టుకోవడానికి ఆ కరెంటు రింగే చాలు. బాబాయి మోటారు నీళ్లు తోడుతున్నప్పుడు 8 ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది, బోరు ఎండితే 5 దాకా పడిపోతుంది. మీ మోటారుది మీరే కొలుచుకోండి, నా అంకె కాపీ కొట్టకండి.

ఆరో పని: ఆదేశానికి ఆయుష్షు పెట్టండి

ఆ సాయంత్రం జరిగింది ఇదే. ఫోన్‌కీ బోర్డుకీ మధ్య మెసేజ్‌లు నడిపే ఎంక్యూటీటీ పద్ధతిలో మెసేజ్ పంపేటప్పుడు "రిటైన్" అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే బ్రోకర్ (మధ్యలో మెసేజ్‌లు అందించే సర్వర్) ఆ చివరి మెసేజ్ దాచుకుని, బోర్డు ఎప్పుడు కనెక్ట్ అయినా వెంటనే చేతిలో పెడుతుంది. యాప్‌లో బటన్ రంగు సరిగా కనిపించాలని నేను ఆ టిక్ పెట్టాను. మధ్యాహ్నం పంపిన "ఆన్" సాయంత్రం కరెంటు రాగానే కొత్త ఆదేశంలా దిగింది. స్థితి చెప్పే మెసేజ్‌కి రిటైన్ పెట్టుకోండి, ఆదేశానికి మాత్రం ఎప్పుడూ వద్దు. ప్రతి "ఆన్"లోనూ పంపిన సమయం ఉండాలి, 30 సెకన్లు దాటితే బోర్డు దాన్ని చెత్తబుట్టలో వేయాలి. బోర్డుకి టైమ్ తెలియకపోతే ఏ "ఆన్"నీ ఒప్పుకోకూడదు. "ఆఫ్" మాత్రం ఎంత పాతదైనా, ఎవరు పంపినా వినాలి.

"ఆన్" అంటే ఎప్పటికీ ఆన్ అని కాదు, "ఇంకో 40 నిమిషాలు" అని. యాప్ మూసుకుపోయినా, మీరు నిద్రపోయినా మోటారు తనంతట తను ఆగాలి. కరెంటు పోయి వస్తే బోర్డు ఊరుకోవాలి, మళ్లీ మనిషే అడగాలి. అపార్ట్‌మెంట్‌లో తప్పదు అంటే, కరెంటు వచ్చాక మూడు నాలుగు నిమిషాలు ఆగి, ముందు పది సెకన్లు బజర్ మోగించి అప్పుడు వేయండి.

సమయం లెక్కలో ఒక పాత ఉచ్చు ఉంది. బోర్డు లేచిన దగ్గర్నుంచి మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల లెక్క 430 కోట్ల దగ్గర నిండి మళ్లీ సున్నాకి వస్తుంది, అంటే 49 రోజులు దాటి కొన్ని గంటలకు. "ఆపాల్సిన సమయం" ముందే కూడి పెట్టుకుని పోల్చే కోడ్ ఆ రోజు తప్పుతుంది, మోటారు ఆగాల్సినప్పుడు ఆగకపోవచ్చు. ఇప్పటి లెక్కలోంచి మొదలైనప్పటి లెక్క తీసేసి, వచ్చిన తేడాని పోల్చండి, సున్నా దాటినా సరిగ్గా వస్తుంది. ఇది బొమ్మ బోర్డుల గొడవ అనుకోకండి, బోయింగ్ 787లో కరెంటు జనరేటర్ల కంట్రోలర్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే ఇలాంటి లెక్క నిండిపోయి కరెంటు మొత్తం పోయే ప్రమాదం ఉందని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఆదేశమే ఇచ్చింది.

ఏడో పని: తలుపులు

రూటర్‌లో పోర్టు తెరిచి బోర్డుని నేరుగా ఇంటర్నెట్‌కి పెట్టకండి. బ్రోకర్‌కి పాస్‌వర్డ్, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా మెసేజ్‌ని గుప్తంగా మార్చే పద్ధతి) రెండూ ఉండాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలు, రూటర్లలోకి దూరింది ఏదో మాయతో కాదు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిన్న జాబితాతో. మిస్డ్ కాల్ ఇస్తే మోటారు పడే స్టార్టర్లు సుఖంగానే ఉంటాయి కానీ, ఫోన్ నంబర్ని నకిలీ చేయొచ్చు, కాబట్టి మిస్డ్ కాల్‌తో ఆపడం మాత్రమే పెట్టుకోండి.

ఇంట్లో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వకండి. పని మానేసిన మనిషి పేరు అదే రోజు తీసేయగలగాలి. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీలో మురుగునీటి పంపులు పెట్టిన కాంట్రాక్టు కంపెనీ మాజీ ఉద్యోగి ఒకడు, కోపంతో రేడియో పరికరాలతో ఆ పంపుల్ని ఆడించి, 8 లక్షల లీటర్ల మురుగుని పార్కుల్లోకి, వాగుల్లోకి వదిలాడు. బయటివాడు కాదు, వ్యవస్థ లోపలిదంతా తెలిసినవాడే.

కొత్త కోడ్ వైరు లేకుండా నెట్ ద్వారా ఎక్కించేటప్పుడు మోటారు ఆగి ఉండాలి, బోర్డు కొత్త కోడ్‌తో లేవలేకపోతే పాతదానికి వెళ్లాలి. ఇంతకంటే దీనిమీద చెప్పేది లేదు.

ఎనిమిదో పని: చెడగొట్టి చూడండి

మోటారు బదులు 100 వాట్ల బల్బు పెట్టి మొదలుపెట్టండి. బల్బు వెలుగుతుండగా సెన్సర్ వైరు పీకండి. రూటర్ ఆపండి. బోర్డు కరెంటు ఇరవై సార్లు తీసి పెట్టండి, ఒక్కసారైనా బల్బు మినుకుమన్నా నాలుగో పని మళ్లీ చదవండి. కోడ్‌లో కావాలనే ఒక అంతులేని లూప్ పెట్టి, అనుమతి రిలే వదులుతుందో లేదో గడియారం పెట్టుకుని చూడండి. స్టార్ట్ రిలే రెండు కాళ్లని ఒక వైరుతో కలిపేసి, అతుక్కుపోయినట్టు నటించండి. నాకు మొదటిసారి ఈ చివరిదాంట్లోనే తేడా వచ్చింది: ఆపమంటే ఆగింది, కానీ అనుమతి తిరిగి ఇవ్వగానే బల్బు దానంతటదే వెలిగింది. అందుకే ఇప్పుడు బోర్డు అనుమతి ఇచ్చాక రెండు సెకన్లు ఆగి, స్టార్ట్ కొట్టకముందే రింగులో ఆంపియర్లు కనిపిస్తే, అనుమతి తీసేసి తాళం పడేసుకుంటుంది. ఆ తాళం ఫోన్‌లోంచి తీయలేం, పొలానికి వెళ్లి డబ్బా దగ్గర బటన్ నొక్కాల్సిందే.

కోడ్ రాసినవాడే పరీక్ష చేస్తే తనకి తెలిసిన తప్పులే వెతుకుతాడు. నేను బాబాయికి ఫోన్ ఇచ్చి, దీన్ని ఎలాగైనా ఏమార్చి మోటారు వేయి చూద్దాం అన్నాను. ఆయన యాప్‌లో ఇంకేదీ ముట్టుకోలేదు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి "ఆన్" నొక్కాడు, చాయ్ తాగాడు, పావుగంట తర్వాత నెట్ వేశాడు. బోర్డు ఆ ఆదేశాన్ని పారేసింది. స్టార్టర్ డబ్బా మూత లోపల ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది, ఆయన చేతిరాతే: "మెయిన్ దించు. తాళం వెయ్. తాళంచెవి జేబులో వేసుకో. తర్వాతే ముట్టుకో."